ప్రయోగశాలలో కుక్కలు: వరంగల్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై రెండేళ్లు పశువుల డాక్టరుగా చేశాను, ములుగు, పరకాల, హుజూరాబాద్ వైపే ఎక్కువ. చివరి పదేళ్లు ఒక ఫార్మసీ కాలేజీలో జంతు ప్రయోగాలను పరిశీలించే ఎథిక్స్ కమిటీలో పశువైద్యుడి కుర్చీ కూడా నాదే. రిటైరై హన్మకొండలో ఉంటున్నాను కాబట్టి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లు, వీధికుక్క పేరెత్తితే మండిపడేవాళ్లు, అందరూ ఫోన్ చేసి ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒక్కచోట రాసిపెడుతున్నాను.

మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోయిన కుక్కలను కాలేజీలకు ఇచ్చేస్తారట, నిజమేనా?

ఆ బండి పని వేరు. దాంట్లో తీసుకెళ్లిన కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచు కత్తిరించి, పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నియమాలు చెబుతున్నాయి. ప్రయోగాలకు జంతువును రిజిస్టరైన పెంపకందారు దగ్గరే కొనాలన్నది 1998 నాటి ప్రయోగాల నియమం.

కానీ ఈ పుకారు గాలిలోంచి పుట్టింది కాదు. నా చదువు రోజుల్లో ప్రయోగం కుక్క అంటే వీధికుక్కే. అటెండరు గోనెసంచి, తాడు తీసుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. ఇంత బన్ను ముక్క వేస్తే దగ్గరికొచ్చే కుక్కే దొరికేది. కరిచే కుక్క బతికిపోయేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, బీగిల్ అనే కుక్కజాతి దగ్గర మళ్లీ వస్తుంది.

క్లాసులో అసలు కుక్కతో ఏం చేసేవాళ్లు?

ఒక్కరోజు సంగతి చెప్తాను. కాలేజీ పేరు వద్దు.

బల్ల మీద కుక్కకు మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లు కట్టేశారు. మెడ దగ్గర కోసి, కెరోటిడ్ ధమనిలోకి గాజు గొట్టం దూర్చి, దాన్ని పాదరసం గొట్టానికి కలిపారు. పాదరసం మీద తేలే ముల్లు పక్కనే తిరుగుతున్న డ్రమ్మును తాకుతూ ఉంటుంది. డ్రమ్ముకు చుట్టిన కాగితానికి అంతకుముందే కిరసనాయిలు దీపం మీద మసి పట్టించి ఉంచేవాళ్లు. రక్తపోటుకు తగ్గట్టు ముల్లు కదిలినకొద్దీ మసి మీద తెల్లగీత. ఎడ్రినలిన్ ఇస్తే గీత పైకి లేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ ఇస్తే పడిపోతుంది. అట్రోపిన్ ఇచ్చి మళ్లీ అదే ఎసిటైల్‌కోలిన్ ఇస్తే ఈసారి పడదు. అరవై మందిమి చుట్టూ నిలబడితే ముందు రెండు వరుసలకే కనిపించేది. మిగతావాళ్లం మా ముందువాడి వీపు చూశాం.

చివర్లో కాగితాన్ని లక్క ద్రావణంలో ముంచి ఆరబెట్టి రికార్డులో అంటించుకున్నాం. కుక్కకు మత్తుమందు ఎక్కువ డోసు ఇచ్చారు. అది మళ్లీ లేవలేదు.

ఆ గీత ఎట్లా వస్తుందో పొద్దున్నే, కుక్కను బల్ల ఎక్కించకముందే, బోర్డు మీద చాక్‌పీసుతో గీసి చూపించారు. పోయినేడు బ్యాచ్‌కూ అదే గీత, వచ్చే ఏడు బ్యాచ్‌కూ అదే. నన్ను ఇన్నేళ్లుగా పీడిస్తున్నది రక్తం కాదు, ఆ చాక్‌పీసు గీత. జవాబు తెలిసిన ప్రశ్న కోసం ఒక ప్రాణాన్ని బల్ల ఎక్కించాం.

ఇప్పుడూ ఎంబీబీఎస్, బీఫార్మసీ పిల్లలు ఇవన్నీ చేయాలా?

అక్కర్లేదు. ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌లో జంతువుల బదులు కంప్యూటర్ పాఠాలే వాడాలని 2014లో భారత వైద్య మండలి నియమాలు మార్చింది. బీఫార్మసీ సిలబస్‌లోనూ జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోలతోనే చూపించాలని రాసే ఉంది. పుదుచ్చేరి జిప్‌మర్ వైద్య సంస్థలో తయారైన ఎక్స్‌ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మౌస్ నొక్కితే అదే గీత లేస్తుంది, అదే గీత పడుతుంది. వెనుక వరుసవాడికీ కనిపిస్తుంది.

'చేతికి పట్టు రావాలంటే ప్రాణమున్న జంతువే కావాలి సార్' అంటారు కొందరు పాత లెక్చరర్లు. వాళ్లకు చట్టమే జవాబు చెప్పింది. అది కిందుంది.

చట్టంలో ఏముంది? ఉంటే ఎవరికి భయం?

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. ప్రయోగాలను అది నిషేధించలేదు, ఒక అధ్యాయమంతా వాటికే కేటాయించి కట్టుబాట్లు పెట్టింది. 17వ సెక్షన్ ఒకసారి చదవండి, ముచ్చటేస్తుంది. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగే చోట, ముఖ్యంగా మెడికల్ కాలేజీల్లాంటి చోట, ప్రయోగం మానుకోవాలంటుంది. ఎలుక, కుందేలు, గినీపంది లాంటి చిన్న జంతువుతో అయ్యే పనికి పెద్ద జంతువును తేవద్దంటుంది. కేవలం చేతి నైపుణ్యం కోసం సాధ్యమైనంతవరకు ప్రయోగాలు చేయవద్దంటుంది. మా గోనెసంచి రోజులకు ముందే ఇవన్నీ అచ్చులో ఉన్నాయి. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక భయం సంగతి. ఆ అధ్యాయం కింద కేంద్ర కమిటీ ఇచ్చిన ఆదేశాన్నో, పెట్టిన షరతునో ఉల్లంఘిస్తే 20వ సెక్షన్ కింద పడే జరిమానా 200 రూపాయల వరకు. హన్మకొండ చౌరస్తాలో హెల్మెట్ లేకుండా దొరికినా అంతకన్నా ఎక్కువే కట్టాలి. కాలేజీలు నిజంగా జడిసేది రిజిస్ట్రేషన్ పోతుందని, ప్రయోగ జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌కు తాళం పడుతుందని.

కుక్కల మీద ప్రయోగానికి అనుమతి ఎవరిస్తారు?

ఎలుకలు, కుందేళ్లయితే కాలేజీ ఎథిక్స్ కమిటీ చాలు. కుక్కలాంటి పెద్ద జంతువైతే కాలేజీ కమిటీ సిఫారసు చేయాలి, ఢిల్లీలోని కేంద్ర కమిటీ ఒప్పుకోవాలి. ఆ కేంద్ర కమిటీని పాతవాళ్లు సీపీసీఎస్ఈఏ అంటారు, ఇప్పటి పేరు సీసీఎస్ఈఏ. కాలేజీ కమిటీలో సైంటిస్టులు, ఒక పశువైద్యుడు, కేంద్రం నియమించిన బయటివాళ్లు, సైన్సుతో సంబంధం లేని ఒక సామాజిక సభ్యుడు ఉంటారు.

పదేళ్లలో మా ముందుకు కుక్కల ఫైలు వచ్చింది ఒక్కసారే. మందు కొత్తదేం కాదు, దుకాణాల్లో దొరికేదే. దాన్ని నెమ్మదిగా కరిగే గోళీగా చేశారు. ఎలుక గోళీ మింగలేదు కాబట్టి ఆరు బీగిల్ కుక్కలకు మింగించి, గంట గంటకూ రక్తం తీసి చూస్తామన్నారు. పెద్ద హింసేం కాదు, నిజానికి. సమావేశం పన్నెండున్నరకు మొదలైంది. ఒంటిగంటకు భోజనాలు వచ్చాయి. 'సంతకం పెట్టేయండి సార్, అన్నం చల్లారుతది' అన్నారు పక్కాయన.

నేను రెండే అడిగాను. పరగడుపున కుక్క కడుపులో ఆమ్లం మన కడుపులో ఉన్నట్టు ఉండదు, ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. దాని పేగు మనకన్నా పొట్టి, తిన్నది తొందరగా దాటిపోతుంది. పన్నెండు గంటలు మెల్లగా కరగాల్సిన గోళీ కుక్కలో సగం కరగకుండానే బయటపడితే ఏం రాస్తారు? గోళీ మంచిది కాదనా, కుక్క పేగు పొట్టిదనా? రెండోది, ఈ మందు మనుషులకు ఎంత ఇవ్వాలో ఎప్పుడో తేలింది కదా, ఆఖరుకు మనుషుల్లోనే చూడాల్సిన దానికి మధ్యలో కుక్క దేనికి?

ఆ ఫైలు తెచ్చిన పిల్లవాడు తల దించుకున్నాడు. గైడు ముఖం మాడ్చుకున్నాడు. పిల్లవాడి తప్పేం లేదు, పాత థీసిస్ చూసి అదే రాసుకొచ్చాడు. ఫైలు వెనక్కి పోయింది. డిసల్యూషన్ యంత్రంలో, అంటే గాజు పాత్రలో గోళీ కరిగే తీరు కొలిచే దాంట్లో, పని కానిచ్చి డిగ్రీ తెచ్చుకున్నాడు. అన్నం చల్లారిన మాట మాత్రం నిజమే.

అన్ని జాతులుండగా బీగిల్ కుక్కే ఎందుకు?

పది కిలోల దగ్గర ఉంటుంది, ఎత్తడం సులువు. వెంట్రుకలు పొట్టి. గుంపులో సర్దుకుంటుంది. తరతరాలుగా ఒకే తీరున పెంచుతున్నారు కాబట్టి లెక్కలు ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ పొంతన కుదురుతాయి. పుస్తకాల్లో ఉండే కారణాలివి.

యానిమల్ హౌస్‌లో పనిచేసేవాళ్లను అడిగితే ఒక్కటే చెప్తారు: కరవదు. నిన్న సూది పొడిచిన చేతినే ఇయ్యాల నాకుతుంది. బన్ను ముక్కకు దగ్గరికొచ్చిన వీధికుక్క కథే ఇదీ.

కుక్కల వల్ల మనుషులకు ఏదైనా మేలు జరిగిందా, లేక అంతా దండగేనా?

జరిగింది. కుక్కల మీద ప్రేమ కొద్దీ ఇది దాచేవాళ్లతో నాకు పడదు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో వరుస కట్టిన షుగర్ పేషెంట్లను చూడండి. 1889లో జర్మనీలో మిన్‌కోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే ఇద్దరు ఒక కుక్కకు క్లోమగ్రంథి తీసేస్తే దానికి షుగర్ వ్యాధి వచ్చింది. రోగం మూలం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. 1921 ఎండాకాలంలో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమం నుంచి రసం తీసి, క్లోమం తీసేసిన కుక్కలకు ఎక్కించి చూశారు. మొదటి వారాల్లో చాలా కుక్కలు సరిగా కుదరని ఆపరేషన్లకే చచ్చిపోయాయి. మార్జొరీ అని పేరు పెట్టుకున్న ఒక కుక్క మాత్రం క్లోమం రసంతో డెబ్బై రోజుల దాకా బతికింది. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి సూది వేశారు. మొదటి సూది శుద్ధిగా లేక వికటించింది. అదే బృందంలోని కొలిప్ శుద్ధి చేసిన మందుతో వేసిన రెండోది పనిచేసింది. అంతకుముందు ఆ వయసు పిల్లలకు షుగర్ వస్తే చావే.

మనవాళ్ల సంగతీ ఉంది. కరీంనగర్ వైపు బోదకాలుకు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ గోళీ గుర్తుందా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థలో నడిపిన బృందం 1947లో బయటపెట్టిన మందు అది. పత్తి ఎలుకల మీద, గుండెలో పురుగులున్న కుక్కల మీద చూశాకే మనుషుల దాకా వచ్చింది. దాంట్లో కుక్కకూ లాభం దక్కింది. కుక్కల గుండె పురుగు రాకుండా అదే మందును ఏళ్ల తరబడి వాడారు.

టొరంటో కుక్కలకూ మా క్లాసు కుక్కకూ తేడా ఇక్కడే చూస్తాను. బాంటింగ్‌కు జవాబు తెలియదు, వేరే దారీ లేదు. మాకు జవాబు బోర్డు మీదే ఉంది. అలాగని టొరంటో కుక్కల చావంతా సమర్థించుకోవచ్చని కాదు. ఆపరేషన్ బాగా తెలిసిన చెయ్యి పక్కనుంటే వాటిలో కొన్ని దక్కేవి. చేతగానితనం వల్ల పోయిన ప్రాణాన్ని కనిపెట్టిన మందు లెక్కలో వేయకూడదు.

కుక్క కరిస్తే టీకా వేయించుకుంటారు, ఆ టీకా జంతువుల నుంచే కదా వచ్చింది? మళ్లీ నీతులెందుకు?

సరైన ప్రశ్నే. పాతకాలం రేబీస్ టీకా గొర్రె మెదడుతో చేసేవాళ్లు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిచ్చికుక్క కరిచిన ఆవు నోట్లో చెయ్యిపెట్టినందుకు నేనూ వేయించుకున్నాను. కడుపు మీద నిమ్మకాయంత గడ్డలు లేచేవి, బోర్లా పడుకుందామంటే ప్రాణం పోయేది. నొప్పి సంగతి అటుంచితే, గొర్రె మెదడు పదార్థం పడక కొందరికి పక్షవాతం వచ్చేది. 2005 నాటికి దేశంలో ఆ టీకా తయారీ ఆపేశారు. ఇప్పటిది కణాలను పెంచి చేసే టీకా, చేతికి నాలుగైదు సూదులతో సరి.

గొర్రెను తప్పించింది జాలి పడి కాదు. మనిషికి మేలైన టీకా వచ్చింది, గొర్రె తప్పించుకుంది. రెండూ ఒకే దారిలో పోవడం తరచుగా చూస్తాం. జంతువుకు బదులు ఇంకో పద్ధతి అంటే నాసిరకం అనుకునేవాళ్లకు నా పొట్ట చూపిస్తాను.

మత్తిచ్చి నొప్పి తెలియకుండా చేస్తే తప్పేముంది?

బల్ల మీద గడిచేది ఒక గంట. మిగతా ఇరవై మూడు గంటల సంగతి ఎవరూ అడగరు. సిమెంటు గచ్చు, ఇనుప జాలీ, పక్క బోనులో మొరిగే ఇంకో కుక్క, రాత్రి లైటు. కుక్క ఒంటరిగా ఉండలేదు. తోడు, నడక, వాసన చూడ్డానికి కాస్త మట్టి దానికి అన్నం లాంటివే.

నొప్పిని అది దాచుకుంటుంది కూడా. కుంటడం, మూలగడం ఆఖరున వస్తాయి. అంతకుముందే తినే గిన్నె దగ్గరికి ఒక క్షణం ఆలస్యంగా లేస్తుంది, తోక ఊపుతుంది కానీ నడుము కదలదు. రోజూ చూసే మనిషికే ఇది తెలుస్తుంది. యానిమల్ హౌస్ బాగోగులు అడగాలంటే సైంటిస్టును కాదు, గిన్నెలు కడిగే మనిషిని అడగాలి.

ఎలుకనైతే కోయొచ్చు, కుక్కనైతే వద్దా? ఇదేం న్యాయం?

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఉన్నదే చెప్తాను.

నొప్పి విషయంలో ఎలుకకూ కుక్కకూ పెద్ద తేడా నేను చూడలేదు. తేడా మన వైపే ఉంది. వేల ఏళ్ల కింద మన మంట దగ్గరికొచ్చి కూర్చున్న జంతువు ఇది. గొల్లకురుమల మందకు కాపలా, మల్లన్న పక్కన నిలబడే తోడు. ఐనవోలు జాతరలో పట్నాలు వేసేచోట కుక్క తిరుగుతుంటే ఎవరూ ఛీ అనరు. నమ్మించి తెచ్చుకున్న దానికి మనం బాకీ ఉన్నాం, ఎలుకకు ఆ బాకీ లేదు. ఇది తర్కానికి నిలబడుతుందా అంటే ఏమో, మనసుకు మాత్రం నిలబడుతుంది.

మహాభారతంలోని సరమ కథ తెలుసుగా. జనమేజయుడు యాగం చేస్తున్నచోటికి దాని పిల్ల పోతే రాజు తమ్ముళ్లు కొట్టారు. తల్లి కుక్క సభకొచ్చి అడిగింది ఒక్కటే: నా పిల్ల హవిస్సు ముట్టిందా, ఏం తప్పు చేసిందని కొట్టారు? రాజు దగ్గర జవాబు లేదు. యాగం ఎంత గొప్పదైనా ఆ ప్రశ్నకు అది జవాబు కాదు. ఎథిక్స్ కమిటీలో కూర్చున్నన్నాళ్లూ ఎదురు కుర్చీలో సరమ ఉన్నట్టే అనిపించేది. నిజం చెప్పాలంటే ఎలుకల ఫైళ్లప్పుడు ఆ కుర్చీ ఖాళీగానే ఉండేది. అది నా లోపం.

కుక్కల్లేకుండా కొత్త మందులు సాధ్యమా?

ఇప్పటికిప్పుడు పూర్తిగా కాదు. కొత్త మందుకు విషగుణం ఉందో లేదో చూడాలంటే ఎలుక జాతి ఒకటి, ఎలుక జాతి కానిది ఇంకొకటి కావాలని ప్రపంచమంతటా నియమాలు ఉంటూ వచ్చాయి. రెండోది ఎక్కువసార్లు కుక్కే. అయితే 2022 చివర్లో అమెరికా జంతు పరీక్ష తప్పనిసరి అన్న మాటను చట్టంలోంచి తీసేసింది. మన దేశం 2023 మార్చిలో కొత్త మందుల నియమాలు సవరించి, మానవ కణాలతో చేసే పరీక్షలు, చిప్పు మీద పెంచిన అవయవాల్లాంటి పద్ధతులకు చోటిచ్చింది.

కుక్క మనిషికి అద్దం అనుకోవడంలోనూ లోపముంది. టీబీకి వాడే ఐసోనియాజిడ్‌ను మన కాలేయం ఎసిటైలేషన్ అనే రసాయన మార్పు చేసి బయటికి పంపుతుంది. కుక్క ఒంట్లో ఆ పని చేసే ఎంజైమే లేదు. మనం తలనొప్పికి వేసుకునే ఐబూప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెడుతుంది. జ్వరమొచ్చిందని ఆ గోళీ వేసి, నల్లగా విరేచనాలవుతున్న కుక్కను చేతుల మీద మోసుకొచ్చినవాళ్లు నాకు ఎందరో.

పశువైద్య కాలేజీల్లో కుక్కలు ఉంటాయి కదా, అది తప్పు కాదా?

మామునూరు, కోరుట్ల కాలేజీల్లో పిల్లలు నేర్చుకునేది కుక్కకే వైద్యం చేయడానికి. రోగమొచ్చి యజమాని తెచ్చిన కుక్కకు, గురువు పక్కనుండగా చికిత్స చేస్తూ నేర్చుకోవడం వేరు, ఆరోగ్యంగా ఉన్నదాన్ని కోసి నేర్చుకోవడం వేరు. పార్వో అనే కుక్కల జబ్బు టీకా కూడా కుక్కల్లో పరీక్షించే వచ్చింది. ఆ మేలు కుక్కలకే దక్కింది.

ప్రయోగం అయ్యాక ఆ కుక్కలు ఏమవుతాయి?

చంపేయడం మామూలు పద్ధతి కాకూడదు. వాటి పునరావాసం ప్రయోగం చేసినవాళ్ల బాధ్యతే, ఆ ఖర్చు పరిశోధన ఖర్చులో భాగమే అని కేంద్ర కమిటీ మార్గదర్శకాల్లో ఉంది. బెంగళూరులో, హైదరాబాద్‌లో అట్లా బయటికొచ్చిన బీగిళ్లను ఇళ్లకు పెంపకానికి ఇస్తున్నారు.

నా పాత విద్యార్థి ఒకడు అట్లాంటి ఆడకుక్కను నయీంనగర్‌లోని వాళ్లింటికి తెచ్చుకున్నాడు. ఆరేళ్లది. మెట్లంటే దానికి తెలియదు, కింది మెట్టు దగ్గర నిలబడి ఏడ్చేది. గడ్డి మీద కాలు పెట్టి వెనక్కి తీసుకునేది. చెవి లోపల పచ్చబొట్టు నంబరు. మొదటి నెల ఎవరైనా దగ్గరికొస్తే పారిపోలేదు, అరవలేదు. ముందుకాలు చాపి కదలకుండా నిలబడేది. రక్తం తీయడానికి అట్లా నేర్పారు. ఆ ఇంటి ముసలమ్మకు ఏమీ చెప్పకపోయినా చూడగానే 'ఇది ఎవలకో చాన భయపడ్డదిరా' అంది. రోజూ దాని పక్కన చాట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది. మూడో నెలలో కాలు చాపడం మానేసింది.

మా అమ్మాయికి పీహెచ్‌డీలో కుక్కల మీద పని ఇస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?

జమ్మికుంట నుంచి ఒకాయన అడిగారు. ఒప్పుకో, వద్దు అని నేననను. గైడును మూడు అడగమనండి. ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఎక్కడైనా అచ్చయి ఉందా? ఈ ఫలితం కుక్కలో వస్తే మనిషికి వర్తిస్తుందని దేన్నిబట్టి అంటున్నారు? ఇన్ని కుక్కలే ఎందుకు, రెండు తగ్గిస్తే ఏం తేలకుండా పోతుంది? కోప్పడకుండా కూర్చోబెట్టి చెప్తే మంచి గైడే. కేంద్ర అనుమతి కాగితం జిరాక్సు కాదు, అసలుది చూడమనండి. ప్రభుత్వ కాలేజీ అయితే కమిటీ మినిట్స్ ఆర్టీఐ పెట్టి కూడా అడగొచ్చు.

ఆ తర్వాత ఇంకొకటి. సద్దుల బతుకమ్మకు, దసరాకు కాలేజీ మొత్తం ఊళ్లకు పోతుంది, హాస్టల్ మెస్ మూసేస్తారు. ఆ మూడు నాలుగు రోజులు బోన్ల దగ్గర ఎవరుంటారు, నీళ్లు ఎవరు మారుస్తారు, ఏదైనా కుక్క తిండి మానేస్తే ఏ డాక్టరుకు ఫోన్ పోతుంది? తడుముకోకుండా ఒక మనిషి పేరు, ఒక నంబరు చెప్పాలి. 'ఎవరో ఒకరు ఉంటారమ్మా' అన్నారంటే ఆ అమ్మాయిని ఇంటికి వచ్చేయమనండి.